డాక్టరుగారు వచ్చాక మన పనేంటి?

"డాక్టరుగారు వచ్చారుగా, ఇక మనం పక్కకి తప్పుకుందాం." గుర్రాలు పెంచేవాళ్ల నోట తరచూ వినపడే మాట ఇది. వినయంతో అనే మాటే, తప్పుపట్టడానికేం లేదు. ఇంకో రకం వాళ్లూ ఉంటారు. డాక్టరు సిరంజిలోకి మందు లాగుతుంటే, ఎక్కడో పుణెలో ఉన్న తెలిసినాయన్ని ఫోన్ స్పీకర్లో పెట్టి "ఆ మందు వద్దంటున్నాడు సార్" అంటారు. మొదటి రకం వాళ్లు నోరు కట్టేసుకుంటారు, రెండో రకం వాళ్లు డాక్టరు చేతులు కట్టేస్తారు. ఎవరివల్లా గుర్రానికి ఒరిగేదేమీ లేదు.

నా అభిప్రాయం ఇది. వైద్యం జరుగుతున్నప్పుడు గుర్రం తరఫున ఒక మనిషి మాట్లాడి తీరాలి. కానీ మాట్లాడాల్సిన సంగతులు మూడే. ఈ గుర్రం మామూలుగా ఎలా ఉంటుంది, ఇప్పటికే దానికి ఏమేం ఇచ్చారు, ఇప్పుడు ఇవ్వబోయేది ఏమిటి, ఎంత. రోగమేమిటో తేల్చడం డాక్టరు పని. ఈ మూడింటికీ జవాబులు మాత్రం డాక్టరు పెట్టెలో ఉండవు, తబేలాలో ఉంటాయి.

మన దగ్గర ఈ మాట ఇంకాస్త గట్టిగా చెప్పుకోవాలి. ఆంధ్రాలోనైనా తెలంగాణలోనైనా మండల పశువైద్యుడి రోజంతా గేదెలు, ఆవులు, గొర్రెలు, మేకలతోనే గడిచిపోతుంది. 1962కి ఫోన్ చేస్తే వచ్చే బండిలో ఉన్నవాళ్లదీ అదే పరిస్థితి. మలక్‌పేట రేసుకోర్సు, నాలుగు రైడింగ్ క్లబ్బులు దాటితే గుర్రాలనే రోజూ చూసే డాక్టర్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. ఊరేగింపు గుర్రానికి రాత్రి కడుపు నొప్పి వస్తే వచ్చేది చదువులో లోటు లేని, చేతికి గుర్రం అలవాటు లేని డాక్టరు. అందులో ఆయన తప్పేమీ లేదు. ఆ లోటులో కొంత భాగం పూడ్చగలిగింది గుర్రం పక్కన ఉండే మనిషే.

అంకెలు ముందు, మందు తర్వాత

కడుపు నొప్పినే, అంటే కోలిక్‌నే, ఉదాహరణగా తీసుకుంటాను. గుర్రాల ప్రాణాలు ఎక్కువగా తీసేది అదే, నిమిషాలు లెక్కలోకి వచ్చేదీ అక్కడే. గుర్రం కాలితో నేల గీకుతోంది, డొక్కలు తిరిగి తిరిగి చూసుకుంటోంది, పడుకుని లేస్తోంది, పై పెదవి ముడుస్తోంది. డాక్టరు రావడానికి గంట పడుతుంది. ఆ గంటలో చాలామంది చేసే పని తాడు పట్టుకుని గుర్రాన్ని తిప్పడం. పది పదిహేను నిమిషాల నడకతో నష్టం లేదు. గంటల తరబడి తిప్పితే మాత్రం నొప్పితో ఉన్న జీవానికి అలసట కూడా తోడవుతుంది. ప్రశాంతంగా పడుకుంటే పడుకోనివ్వాలి. కర్రతో కొట్టి లేపడం అనే మొరటు పద్ధతి ఇంకా చాలాచోట్ల ఉంది.

ఆ గంటలో అసలు పని ఒక కాగితం మీద అంకెలు రాయడం. నాడి చూడటం కష్టం కాదు. కింది దవడ ఎముక అంచు వెంబడి, బుగ్గ కండ మొదలయ్యే చోట వేళ్లతో తడిమితే సన్నటి తాడులాంటిది వేళ్ల కింద జారుతుంది. దాన్ని ఎముకకు మెల్లగా అదిమితే నాడి తగులుతుంది. బొటనవేలు పెడితే సొంత నాడి లెక్కలోకి వస్తుంది కాబట్టి చూపుడు, మధ్య వేళ్లే వాడాలి. 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చించాలి. స్టెతస్కోపు ఉంటే గుర్రం ఎడమ ముందుకాలి మోచేతి వెనక పెట్టి వినొచ్చు. నిదానంగా ఉన్న పెద్ద గుర్రానికి నిమిషానికి 28 నుంచి 44 కొట్టుకుంటుంది. కడుపు నొప్పితో ఉన్నప్పుడు 60 దాటితే ఆందోళన పడాల్సిందే. 80 దాటి అక్కడే ఆగితే పరిస్థితి చాలా విషమంగా ఉన్నట్టు.

తర్వాత పై పెదవి ఎత్తి చిగురు చూడాలి. వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోట రెండు సెకన్ల లోపు మళ్లీ రంగెక్కాలి. చిగురు లేత గులాబీ రంగులో, తడిగా ఉండాలి. ఇటుక రంగుకు తిరిగినా, పళ్ల మొదట్లో ఊదా రంగు గీత కనిపించినా అది ఫోన్‌లోనే చెప్పాల్సిన సంగతి. డొక్కకు చెవి ఆనించి రెండు వైపులా, పైనా కిందా, ఒక్కోచోట ఒక నిమిషం పేగుల చప్పుడు వినాలి. జ్వరం కూడా చూసి రాయాలి. 99 నుంచి 101 డిగ్రీల ఫారెన్‌హీట్ మామూలు. కడుపు నొప్పికి జ్వరం తోడైతే డాక్టరు ఆలోచన పేగుల్లో ఇన్ఫెక్షన్ వైపు మళ్లుతుంది.

ఇవన్నీ మందుకు ముందే ఎందుకంటే, మందు పడ్డాక అంకెలు మారిపోతాయి. మత్తుకిచ్చే జైలజీన్ నాడిని తగ్గిస్తుంది, పేగుల చప్పుడునూ తగ్గిస్తుంది. పేగులు పట్టేసిన నొప్పికిచ్చే బస్కోపాన్ అరగంటా ముప్పావుగంట పాటు నాడిని పెంచేస్తుంది. నొప్పి తగ్గడానికిచ్చే ఫ్లూనిక్సిన్ జ్వరాన్ని దించేస్తుంది. ఆసనంలో చెయ్యి పెట్టి పరీక్ష చేశాక థర్మామీటర్ పెడితే లోపలికి గాలి వెళ్లి ఉంటుంది కాబట్టి అంకె తక్కువ చూపిస్తుంది. సూది వేశాక 72 ఉందంటే అది రోగమా, మందా? ముందు రాసిన కాగితం లేకపోతే ఎంత అనుభవమున్న డాక్టరుకైనా తేల్చడం కష్టం.

ఇంకా విలువైనది మామూలు రోజుల కాగితం. కొన్ని గుర్రాలకు నిలకడగా 30 ఉంటుంది, కొన్నిటికి 42. 30 ఉండే గుర్రానికి 52 అయిందంటే పెద్ద మార్పు. పుస్తకంలో ఉన్న హద్దు చూసి "60 దాటలేదుగా" అని ఊరుకుంటే ఆ మార్పు కనపడదు. వారం పాటు పొద్దున దాణా పెట్టేముందు చూసి గోడ మీద సుద్దతో రాసినా చాలు. లద్ది రోజుకు 8 నుంచి 12 సార్లు వేస్తుంది. ఆ లెక్క, ఆఖరిసారి ఎప్పుడు వేసింది, ఉండలు గట్టిగా ఉన్నాయా, జిగురు పట్టి ఉందా, ఇవి కూడా కాగితంలోకి ఎక్కాలి. నీళ్లు ఎంత తాగిందో బకెట్ల లెక్కన తెలియాలి. 300 కిలోల గుర్రం చల్లటి రోజుల్లోనే 15 లీటర్లకు తగ్గకుండా తాగాలి. పెళ్లిళ్ల సీజన్లో బ్యాండు మోతలో గంటల తరబడి నిలబడి, నీళ్లు లేకుండా తిరిగొచ్చి, ఒక్కసారిగా ఉలవలూ తవుడూ మీద పడిన గుర్రానికి పేగులో మేత గట్టిపడటం వింతేమీ కాదు. దానికి తోడు ఎవరో ప్రేమతో పెట్టిన జిలేబీలు. ఈ సంగతి ఎవరూ చెప్పకపోతే డాక్టరుకు ఎలా తెలుస్తుంది?

దాచిన సూది

డాక్టరు వచ్చేసరికే ఒక సూది పడి ఉండటం మన తబేలాల్లో మామూలు. మెడికల్ షాపులో దొరికింది, పక్క తబేలా వాళ్లు ఇచ్చింది, పోయిన నెల మిగిలింది. తిడతారేమోనని దాన్ని దాచిపెడతారు. వైద్యంలో జరిగే నష్టాల్లో ఇంతకంటే తేలిగ్గా తప్పించగలిగింది ఇంకోటి లేదు.

పశువుల సీసాల్లో ఎక్కువగా దొరికేది మెలాక్సికామ్. అది గంట క్రితం పడింది. ఆ సంగతి తెలియక డాక్టరు ఫ్లూనిక్సిన్ ఇస్తారు. రెండూ ఒకే జాతి నొప్పి మందులు. నీళ్లు సరిగ్గా తాగని, ఒంట్లో నీరు తగ్గిన గుర్రానికి రెండూ కలిసి పడితే కిడ్నీలు, కడుపులోపలి పొర, పెద్దపేగు దెబ్బతింటాయి. ఫినైల్‌బ్యూటజోన్ పొడిపొట్లాలు రోజుల తరబడి వేస్తున్నవాళ్లదీ ఇదే సమస్య. నోట్లో పుళ్లు, తిండి మానెయ్యడం, లద్ది పల్చబడటం ఆ మందు వల్లే కావచ్చు. పొట్లాల సంగతి చెప్పకపోతే డాక్టరు ఇంకో రోగాన్ని వెతుక్కుంటూ పోతారు.

డైక్లోఫెనాక్ సంగతి వేరే చెప్పాలి. రాబందుల చావులకు కారణమని తేలి 2006లోనే పశువైద్యంలో దాన్ని నిషేధించారు. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ కూడా అదే దారి పట్టాయి. అయినా మనుషుల కోసం అమ్మే సీసా తెచ్చి పొడిచేవాళ్లు ఉన్నారు. పొడిచి ఉంటే ఆ మాట కూడా డాక్టరుకు చెప్పాలి. తిట్లు పడతాయి, పడనివ్వండి.

ఫ్లూనిక్సిన్ మీద ఇంకో రెండు మాటలు. అది సిరలోకి ఇవ్వాల్సిన మందు. కండకి వేస్తే ఆ చోట క్లోస్ట్రీడియం క్రిములు పెరిగి కండ కుళ్లే ప్రమాదం ఉంది, ప్రాణాలు పోయిన గుర్రాలున్నాయి. గుర్రాన్ని చూసుకునే సాయిసు చేతికి డాక్టరు సీసా, సూది ఇచ్చి "మళ్లీ నొప్పొస్తే మెడ కండకి వెయ్యి" అని చెప్పివెళ్తే అక్కడ యజమాని నోరు తెరవాలి. రెండోది, ఆ మందు నొప్పిని బాగా కప్పేస్తుంది. పేగు మెలిపడిన గుర్రం కూడా కాసేపు నెమ్మదించి నిలబడుతుంది. కాబట్టి "నొప్పి తగ్గిందా" అన్న ప్రశ్న ఒక్కటే సరిపోదు. గంట తర్వాత నాడి ఎంతుందో చూడాలి. మందు పడ్డా గంటా రెండు గంటల్లో నొప్పి తిరగబెడితే అది ఇంకో డోసుకు సమయం కాదు, పెద్ద ఆస్పత్రికి ఫోన్ చెయ్యాల్సిన సమయం. పన్నెండు గంటలు గడవకుండా రెండో డోసు అడగకండి.

బరువు అడిగితే "పెద్ద గుర్రం సార్" అనకండి

డోసులన్నీ కిలోల లెక్కనే ఉంటాయి. విదేశీ పుస్తకాల్లో గుర్రం అంటే 450, 500 కిలోలు. మన ఊరేగింపు గుర్రాలు, టట్టులు 250 నుంచి 350 మధ్య ఉంటాయి. కంటి అంచనా నమ్మదగింది కాదు, అందులోనూ వెంట్రుక ఒత్తుగా ఉండి అలంకరణ దిగని గుర్రం ఉన్నదానికంటే బరువుగా కనిపిస్తుంది.

దర్జీ టేపు చాలు. ముందుకాళ్ల వెనక, మూపురం మీదుగా ఛాతీ చుట్టుకొలత సెంటీమీటర్లలో తీసుకోవాలి, ఊపిరి వదిలినప్పుడు. భుజం మొన నుంచి పిరుదు మొన దాకా పొడవు తీసుకోవాలి. చుట్టుకొలతను చుట్టుకొలతతో హెచ్చించి, వచ్చినదాన్ని పొడవుతో హెచ్చించి, 11,880తో భాగిస్తే కిలోలు వస్తాయి. చుట్టుకొలత 160, పొడవు 145 అయితే సుమారు 312 కిలోలు. ఫ్లూనిక్సిన్ కిలోకు 1.1 మిల్లీగ్రాములు. మిల్లీలీటరుకు 50 మిల్లీగ్రాములుండే సీసా నుంచైతే ఈ గుర్రానికి 7 మిల్లీలీటర్ల లోపే సరిపోతుంది. 450 కిలోలనుకుని ఇస్తే దాదాపు 10 పడుతుంది. ఒక్కసారికి అదేం కొంప ముంచదు. నాలుగైదు రోజులు అలాగే సాగితే ముంచుతుంది. ఈ లెక్క డాక్టరుకు పాఠంలా చెప్పనక్కర్లేదు. "సార్, టేపుతో కొలిస్తే 312 వచ్చింది" అంటే చాలు, మిగతాది ఆయనే చూసుకుంటారు.

ముక్కులో గొట్టం, గొంతులో సీసా

గుర్రానికి వాంతి రాదు. కడుపులో ద్రవమో గాలో నిండిపోతే పైకి వచ్చే దారి లేదు, కడుపు పగిలే అవకాశం ఉంది. అందుకే ముక్కులోంచి గొట్టం వేసి ముందు లోపలున్నది బయటికి తీస్తారు. గొట్టం చూసి యజమానులు బెదిరిపోతారు, ముక్కు నుంచి కాస్త రక్తం కారితే "చంపేస్తున్నారు" అని అరుస్తారు. ఆ రక్తం సాధారణంగా జరిగేదే, దానంతటదే ఆగుతుంది. నిజంగా భయపడాల్సింది గొట్టం ఊపిరితిత్తుల దారిలోకి పోయిందేమో అన్నదానికి. మెడ ఎడమ వైపు గొట్టం మొన జారుతూ దిగడం కంటికి కనపడాలి లేదా చేతికి తగలాలి. గొట్టం చివర నుంచి శ్వాసతో పాటు లయగా గాలి వస్తుంటే అది తప్పు దారి. దగ్గు వస్తుందని ఎదురుచూడకూడదు, మత్తులో ఉన్న గుర్రం దగ్గకపోవచ్చు. ద్రవం పోసేముందు "సార్, కడుపులోనే ఉందా?" అని అడగడంలో అగౌరవం ఏమీ లేదు. లోపల నుంచి రెండు లీటర్లకు పైగా వెనక్కి వస్తే ఆ కడుపులోకి ఇంకేమీ పోయకూడదు, నూనె కూడా.

ఇక నోట్లో సీసా పెట్టి, తల ఎత్తి పట్టుకుని పోయడం. పశువులకు గొట్టంతో మందు తాపే అలవాటు గుర్రానికీ వచ్చేసింది. "మా తాతల నాటి నుంచీ పోస్తున్నాం, ఏమీ కాలేదు" అంటారు. బతికినవి గుర్తుంటాయి, మూడు రోజుల తర్వాత న్యుమోనియాతో పోయినదాన్ని సీసా ఖాతాలో ఎవరూ వెయ్యరు. లిక్విడ్ పారఫిన్ మరీ ప్రమాదం. రుచీ వాసనా లేని జారుడు ద్రవం కాబట్టి గొంతుకు దిగుతున్నట్టు కూడా తెలియదు, దగ్గు రాకుండానే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఎవరు చెప్పినా, చివరికి డాక్టరే చెప్పినా, ఆ ఒక్క పనికి మాత్రం చెయ్యడ్డం పెట్టమంటాను.

సూది విషయంలోనూ ఒక సంగతి. మెడలో సిర పక్కనే ధమని ఉంటుంది. మెడ పై భాగంలో ఆ రెండింటి మధ్య ఒక కండ అడ్డుంటుంది, కిందికి వచ్చేకొద్దీ ఆ అడ్డు ఉండదు. మందు పొరపాటున ధమనిలోకి పోతే గుర్రం అక్కడికక్కడే కుప్పకూలి కొట్టుకుంటుంది. అందుకే పైభాగం వాడతారు. యజమాని చెయ్యాల్సిన సాయం గుర్రాన్ని కదలనివ్వకపోవడం, అది కూడా డాక్టరు నిలబడ్డ వైపే నిలబడి పట్టుకోవడం. రోజుకు రెండు మూడు సూదులు రోజుల తరబడి పడాలంటే క్యాథెటర్ (సిరలోనే ఉంచే సన్నటి గొట్టం) పెడతారా అని అడగొచ్చు. మగ గుర్రానికి ఏస్‌ప్రోమజీన్ మత్తు ఇస్తున్నప్పుడు అది స్టాలియన్ (విత్తులు కొట్టని మగ గుర్రం) అని గుర్తు చెయ్యండి. అంగం బయటికి వచ్చి లోపలికి పోకుండా ఉండిపోయే ఇబ్బంది అరుదే, కానీ వస్తే దాన్ని నయం చెయ్యడం కష్టం.

"ప్రతివాడూ డాక్టరే అయితే?"

ఈ అభ్యంతరాన్ని తేలిగ్గా తోసెయ్యలేను. రెండు వీడియోలు చూసి వచ్చిన యజమాని వల్ల రోగనిర్ధారణ ఆలస్యమైన సందర్భాలు డాక్టర్లను అడిగితే బోలెడు చెప్తారు. నొప్పితో మెలికలు తిరుగుతున్న గుర్రం వెనక నిలబడి ఆసనంలో భుజం దాకా చెయ్యి పెట్టి పరీక్ష చేస్తున్న మనిషిని ప్రశ్నలతో చుట్టుముట్టడం న్యాయం కాదు. ఆ పరీక్షలో పేగు చిరిగే ప్రమాదం ఎంత జాగ్రత్తపడ్డా కొంత ఉంటుంది, చిన్న గుర్రాల్లో ఇంకా ఎక్కువ. గుర్రం కదిలితే అది పెరుగుతుంది. అప్పుడు ఎవరూ మాట్లాడకూడదు. ప్రశ్నలు సూదికి ముందు, లేదా చేతులు కడుక్కున్నాక.

తెలిసిన గుర్రాల డాక్టరు ఫోన్‌లో ఉంటే స్పీకర్ పెట్టి ఎదుటివాళ్లను నిలదీయడం కంటే, "సార్, మీరు ఒకసారి ఆయనతో మాట్లాడతారా?" అని ఫోన్ చేతికివ్వడం మర్యాద. ఇద్దరు డాక్టర్లు ఒక భాషలో రెండు నిమిషాలు మాట్లాడుకుంటే తేలేదాన్ని యజమాని మధ్యవర్తిత్వం అరగంట సాగదీస్తుంది. రాజేంద్రనగర్‌లో, తిరుపతిలో, గన్నవరంలో పశువైద్య కాలేజీలున్నాయి. అక్కడివాళ్ల నంబరు రోగం రాకముందే సంపాదించి ఉంచుకోవాలి.

యజమాని వాదన అసలు చెల్లని చోటు ఒకటుంది. గ్లాండర్స్ అనే అంటువ్యాధి. హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రంలో రక్తపరీక్ష పాజిటివ్ అని తేలితే వైద్యం లేదు, చట్టప్రకారం ఆ గుర్రాన్ని చంపాల్సిందే. 1899 నాటి చట్టం నుంచి ఇదే నియమం. మనుషులకూ సోకే జబ్బు కాబట్టి నాకు దీనితో పేచీ లేదు. ఎంత ప్రేమ ఉన్నా ఆ గుర్రాన్ని రాత్రికి రాత్రి ఇంకో ఊరికి తరలించేవాళ్లు గుర్రం పక్షాన ఉన్నట్టు కాదు.

డబ్బు మాట చివరికి వదిలెయ్యడం మనవాళ్ల అలవాటు. కడుపు ఆపరేషన్ చెయ్యగల ఆస్పత్రులు దేశంలోనే తక్కువ. అక్కడిదాకా లారీలో తీసుకెళ్లాలంటే గుర్రం నిలబడగలగాలి, అంటే మొదటి గంటల్లోనే బయల్దేరాలి. ఒక్క గుర్రం మీద కుటుంబం బతికే మనిషికి అది చాలాసార్లు అందని సంగతి. ఆ మాట మొదటే చెప్పడంలో చిన్నతనం లేదు. "సార్, ఆపరేషన్ మా వల్ల కాదు. బతికే అవకాశం లేదనిపిస్తే చెప్పండి, బాధ పెట్టొద్దు" అన్న యజమాని, రెండు రోజులపాటు సెలైన్ సీసాలు మారుస్తూ ఆశ పెట్టుకున్న యజమాని కంటే గుర్రానికి మేలు చేసినవాడు. ఈ మాటతో ఒప్పుకోనివాళ్లు చాలామంది ఉంటారని తెలుసు.

మాట్లాడాల్సింది ఎవరు

యజమాని, యజమాని అని ఇంతసేపూ రాస్తూ వచ్చాను గానీ, నిన్న రాత్రి లద్ది ఎప్పుడు వేసిందో యజమానికి తెలియదు. సాయిసుకు తెలుసు. డాక్టరు వచ్చినప్పుడు తాడు పట్టుకుని తల దించుకుని నిలబడేది అతనే, ప్రశ్నలకు జవాబిచ్చేది కారు దిగి వచ్చిన యజమాని. "ఎప్పటి నుంచి నొప్పి?" అంటే యజమాని "ఇప్పుడే సార్, గంట అయింది" అంటాడు. గంట అయింది అతనికి ఫోన్ వచ్చి. సాయంత్రం దాణా సగం వదిలేసినప్పుడే సాయిసుకు అనుమానం వచ్చి ఉంటుంది, కానీ అతన్ని అడిగినవాళ్లు లేరు. సూది వేసింది అతనే అయితే ఉద్యోగం పోతుందన్న భయంతో ఆ మాట బయటికి రాదు.

అందుకని యజమాని చెయ్యగలిగిన పెద్ద పని పక్కకి జరిగి, "భాయ్, నువ్వు చెప్పు, ఏమీ అననులే" అని సాయిసును ముందుకు తేవడం. చాలాచోట్ల అతనిది ఉర్దూ లేదా హిందీ, డాక్టరుది తెలుగు. మధ్యలో సరిగ్గా తర్జుమా చేసే పని యజమానిది. డాక్టరు వెళ్లేటప్పుడు చెప్పే జాగ్రత్తలు కూడా సాయిసుకే నేరుగా చెప్పించాలి. మేత ఎప్పటిదాకా ఆపాలి, నీళ్లు ఎంతెంత, ఏ గంటకు నాడి చూడాలి, ఎంత దాటితే ఎవరికి ఫోన్ చెయ్యాలి, మెడ మీద సూది పడ్డ చోట వాపు వస్తే ఏం చెయ్యాలి. రాత్రి రెండు గంటలకు యజమానిని లేపడానికి జంకకుండా డాక్టరుకే నేరుగా ఫోన్ చేసే అనుమతి అతనికి ఉందని, డాక్టరు ఎదుటే చెప్పాలి. ఫోన్‌లో బ్యాలెన్స్ ఉందో లేదో కూడా చూడండి.